శరణమిచ్చింది ఎవరు? — 1971 సరిహద్దు శిబిరాలు

ఇల్లూ వాకిలీ విడిచి పారిపోయి వచ్చినవాడికి మన భాషలో రెండు పేర్లున్నాయి. ఒకటి కాందిశీకుడు, రెండోది శరణార్థి. రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. పత్రికలవాళ్లు ఒకదానికి బదులు ఇంకొకటి వాడుతూనే వుంటారు. కాని ఈ రెండు మాటలూ ఒకే మనిషిని రెండు వైపుల నుంచి చూస్తాయి. 'ఏ దిక్కుకు పోదును?' అని అడిగేవాడు కాందిశీకుడు. 'కాం దిశం' అన్న ప్రశ్నే ఆ పదానికి మూలమని వ్యుత్పత్తి చెబుతారు. శరణు కోరేవాడు శరణార్థి. మొదటి మాటలో ఆ మనిషీ, అతని ముందున్న దారీ తప్ప మరొకరు లేరు. రెండో మాటలో కనిపించకుండా ఇంకొకడున్నాడు: శరణమిచ్చేవాడు. తెలంగాణ పల్లెల్లో పెద్దలకు పెట్టే 'శనార్తి' ఈ శరణార్థే. అంటే ఆ మాటలో ఒకడు వంగి వుంటాడు, ఇంకొకడు నిలబడి వుంటాడు.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి మన దేశంలోకి వచ్చిన కోటిమంది చరిత్రను మనం చాలావరకు ఈ రెండో మాటలోనే చెప్పుకుంటున్నాం. ఇక్కడ చెప్పేటప్పుడు అది భారతదేశపు ఔదార్యం. పశ్చిమ దేశాల్లో చెప్పేటప్పుడు అది అంతర్జాతీయ సమాజపు కరుణ. రెండు కథల్లోనూ శరణార్థి చెయ్యి చాచి నిలబడి వుంటాడు. ఆ చేతిలో అన్నం ఎవరు పెట్టారు? ఆ తలమీద కప్పు ఎవరు వేశారు? ఆ నోట్లో మందు ఎవరు పోశారు? ఈ మూడు ప్రశ్నలకు నిర్దిష్టంగా జవాబు వెతికితే ఔదార్యం కథ నిలబడదని నా అభిప్రాయం. అన్నమూ, నీడా, వైద్యమూ ఎవరి హృదయంలోనుంచో వూడిపడవు. అవి శ్రమతో, జ్ఞానంతో, నిర్వహణతో తయారవుతాయి. వాటిని ఎవరు తయారుచేస్తారు, ఎవరి చేతికి అందిస్తారు, ఏ షరతు మీద అందిస్తారు అనేవే శిబిరాల చరిత్రలో అసలు ప్రశ్నలు.

ముందు లెక్క చూద్దాం. 1970 డిసెంబరు ఎన్నికలలో పాకిస్తాన్ జాతీయ శాసనసభలో ఆవామీ లీగుకు మెజారిటీ వచ్చింది. అధికారం అప్పగించటం ఇష్టంలేని సైనిక ప్రభుత్వం 1971 మార్చి 25 రాత్రి ఢాకా నగరం మీదికి సైన్యాన్ని వదిలింది. ఆ రాత్రి విశ్వవిద్యాలయ వసతి గృహాలలోనూ, పేటల్లోనూ మొదలైన హత్యాకాండ కొద్ది వారాల్లో పల్లెలకు పాకింది. జనం సరిహద్దు దాటటం మొదలుపెట్టారు. మే నెలలో సగటున రోజుకు లక్షమంది వచ్చారు. డిసెంబరు నడిమికి ప్రభుత్వ లెక్క 98,99,305. ఇందులో పశ్చిమ బెంగాల్‌లో దాదాపు 75 లక్షలు, త్రిపురలో 14 లక్షలు, మేఘాలయలో ఆరున్నర లక్షలకు పైగా, అస్సాంలో మూడు లక్షలకు పైగా. 1971 జనాభా లెక్కల ప్రకారం త్రిపుర జనాభాయే పదిహేనున్నర లక్షలు. అంటే ఆ చిన్న రాష్ట్రంలో దాదాపు ప్రతి మనిషికీ ఒక మనిషి చొప్పున వచ్చారన్నమాట. వచ్చినవాళ్లలో అత్యధికులు హిందువులు. ముస్లిములూ లక్షల్లో వున్నారు. వృత్తిరీత్యా చూస్తే రైతులు, కూలీలు, జాలర్లు, చేతిపనులవాళ్లు ఎక్కువ.

ఈ కోటిమందీ ఎక్కడ తలదాచుకున్నారు? శిబిరాల సంఖ్య 825. వాటిలో వున్నవాళ్లు 68 లక్షలు. మిగిలిన 31 లక్షలమంది శిబిరాల వెలుపల, చుట్టాల ఇళ్లలో, తెలిసినవాళ్ల వసారాల్లో, వూరి చివర పాకల్లో వున్నారు. ఔదార్యం కథలో ఈ 31 లక్షలకు చోటు దొరకదు. ఎందుకంటే వాళ్లకు నీడ ఇచ్చింది ప్రభుత్వం కాదు, ఐక్యరాజ్యసమితి కాదు. పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లాల్లోని మామూలు కుటుంబాలు. ఆ కుటుంబాల్లో చాలా వాటికి 1947 తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి నిలదొక్కుకున్న చరిత్ర వుంది. నిన్నటి కాందిశీకుడి ఇంట్లో నేటి కాందిశీకుడు దిగాడు. అక్కడ శరణమిచ్చినవాడికీ, పుచ్చుకున్నవాడికీ మధ్య తేడా ఇరవై అయిదేళ్లే.

శిబిరాల్లో నీడ సంగతి వేరు. తొలి వారాల్లో బళ్లూ, కళాశాలలూ నిండిపోయాయి. అవి నెలల తరబడి పాఠాలకు తెరుచుకోలేదు. సియాల్దా స్టేషను ప్లాట్‌ఫారాల మీద సంసారాలు వెలిశాయి. కలకత్తా పక్కన సాల్ట్‌లేక్‌లో కొత్త పట్టణం కోసం పూడ్చిన నేలమీద పెద్ద శిబిరం లేచింది. మురుగు కాలువల కోసం తెచ్చి పడేసిన పెద్ద సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం చేశాయి. ఆ గొట్టాల ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. జూన్‌లో వర్షాలు పడ్డాయి. వెదుళ్లు పాతి, పైన టార్పాలిన్ గాని పాలిథీన్ షీటు గాని కప్పిన గుడిసెల్లోకి నీళ్లు వచ్చాయి. ఆ ఏడు పశ్చిమ బెంగాల్‌లో వరదలు కూడా తీవ్రంగా వచ్చాయి. వెదుళ్లు పాతినవాళ్లూ, గడ్డి కప్పినవాళ్లూ, కాలవలు తవ్వినవాళ్లూ ఎవరు? స్థానిక కూలీలు, స్వచ్ఛంద కార్యకర్తలు, చాలాచోట్ల శరణార్థులే. శిబిరం అనేది పైనుంచి దిగి వచ్చిన కట్టడం కాదు. అక్కడి మనుషులు తమ చేతులతో నిలబెట్టుకున్న వూరు.

దీనికి స్థానిక పేదవాడు చెల్లించిన మూల్యాన్ని మనం దాచకూడదు. సరిహద్దు జిల్లాల్లో కూలి రేట్లు పడిపోయాయి. కట్టెల ధర, కూరగాయల ధర పెరిగింది. ఆసుపత్రి మంచాలు నిండిపోయాయి. బడి మూతపడ్డది స్థానికుల పిల్లలకే. అక్కడక్కడ ఘర్షణలూ జరిగాయి. ఔదార్యం దేశానిదని చెప్పుకుంటే ఈ లెక్కలు పైకి రావు. ఖర్చు దేశమంతటా సమానంగా పడలేదు. సరిహద్దు జిల్లాల్లోని కూలివాడి మీద ఎక్కువ పడ్డది.

ఇక అన్నం. మొదటి రోజుల్లో వండిన కిచిడీ పెట్టారు. తరువాత రేషన్ కార్డులు ఇచ్చి, బియ్యం, గోధుమ పిండి, పప్పు, నూనె వంటి దినుసులు కొలిచి ఇచ్చారు. ఈ మార్పు చిన్నది కాదు. వండిన అన్నం కోసం బారులో నిలబడ్డవాడు బిచ్చగాడిలా కనిపిస్తాడు. దినుసులు తెచ్చుకుని మూడు రాళ్ల పొయ్యిమీద వండుకునే కుటుంబం, చిరిగిన షీటు కింద అయినా, కుటుంబమే. అయితే దినుసులు ఇచ్చినంత మాత్రాన భోజనం అయిపోదు. కట్టెలు కావాలి, కుండ కావాలి, మంచినీళ్లు కావాలి. వీటి కోసం పొద్దస్తమానం తిరిగింది ఆడవాళ్లు. శిబిరాల నివేదికలు బియ్యాన్ని టన్నుల్లో రాస్తాయి. కట్టెలు ఏరిన గంటల్ని ఏ నివేదికా రాయదు.

ఆ బియ్యమూ గోధుమా ఎక్కడినుంచి వచ్చాయి? 1965-67 కరువు సంవత్సరాల్లో మన దేశం అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసింది. అదే దేశంలో 1970-71లో ఆహారధాన్యాల ఉత్పత్తి పది కోట్ల ఎనభై లక్షల టన్నులు దాటింది. ఆ దిగుబడి లేకపోతే కోటిమందికి రోజూ కొలిచి పొయ్యటం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమయ్యేది కాదు. కాబట్టి శిబిరంలోని గిద్దెడు బియ్యం వెనక ఎక్కడో ఒక రైతు, రైతు కూలీ, రైలు హమాలీ వున్నారు. ఔదార్యానికి పునాది పండిన ధాన్యం. అది లేనినాడు అదే ప్రభుత్వం, అవే హృదయాలు వున్నా అన్నం వుండదు.

సగటు లెక్కలో రేషను సరిపోయినట్లు కనిపించినా పసిపిల్లల విషయంలో అది సరిపోలేదు. వారాల తరబడి నడిచి, నీళ్ల విరేచనాలతో చిక్కిపోయి వచ్చిన అయిదేళ్ల లోపు పిల్లలు పెద్దల తిండి తినలేకపోయారు. శిబిరాల్లో చనిపోయినవాళ్లలో వాళ్ల వంతు చాలా ఎక్కువ. కొన్ని నెలలు గడిచాక వాళ్లకోసం ప్రత్యేకంగా పాలూ, పోషకాహారమూ పంచే కేంద్రాలు పెట్టారు. సగటు అనేది పాలకుడికి వూరట ఇస్తుంది, పసివాడికి కాదు.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమని తోచేది వైద్యం కథ. శరణమిచ్చింది ఎవరు అన్న ప్రశ్నకు అందులో స్పష్టమైన జవాబు వుంది.

మే, జూన్ నెలల్లో శిబిరాల్లోకి కలరా వచ్చింది. మన తెలంగాణలో దీన్నే గత్తర అన్నారు; కోస్తాలో మరిడమ్మ పేరుతో దీనికి గుళ్లు కట్టారు. సెప్టెంబరు చివరికి శిబిరాల్లో నమోదైన కేసులు 46,000 దాటాయి. కలరాలో మనిషిని చంపేది క్రిమి అంటే పూర్తిగా సరికాదు. అది పేగుల్లో విడిచే విషం వల్ల ఒంట్లోని నీరూ, ఉప్పూ ధారగా బయటికి పోతాయి. జబ్బు తీవ్రమైతే గంటకు లీటరు దాకా పోవచ్చు. నీరు పోయినంత వేగంగా తిరిగి లోపలికి చేర్చితే మనిషి బతుకుతాడు. చేర్చకపోతే కొద్ది గంటల్లో చనిపోతాడు. సెలైన్‌ను నరంలోకి ఎక్కించటమే అప్పటికి అందరూ ఒప్పుకున్న మార్గం. దానికి సీసా కావాలి, సూది కావాలి, శుద్ధిచేసిన ద్రవం కావాలి, నరం వెతికి సూది గుచ్చగల శిక్షితుడు కావాలి. లక్షలమంది వున్నచోట ఈ నాలుగూ లేవు.

ఉత్తర 24 పరగణాల వైపు సరిహద్దుకు దగ్గరగా బంగావ్ అనే వూరుంది. ఆ ప్రాంతంలోనే దాదాపు మూడున్నర లక్షలమంది శరణార్థులు చేరారు. అక్కడి చిన్న ప్రభుత్వాసుపత్రికి జూన్ చివరివారంలో దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు వచ్చాడు. పిల్లల వైద్యుడు, కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్నాడు. గదుల్లో నేలమీద రోగులు పడివున్నారు. సెలైన్ నిల్వలు కొద్ది రోజుల్లోనే అయిపోయాయి. అప్పుడు ఆయన లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలిపి తాగించాలని నిర్ణయించాడు. కలకత్తా కేంద్రంలోని గ్రంథాలయం గదిలో ఈ మూడింటినీ తూచి, పాలిథీన్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో మూతులు అతికించారు. బంగావ్‌లో కుళాయి వున్న డ్రమ్ముల్లో కలిపారు. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు.

ఖర్చు తక్కువ కావటం ఒక్కటే ఇందులో విశేషం కాదు. ఆ నీళ్లు తాగించింది ఎవరన్నది అంతకన్నా ముఖ్యం. రోగి పక్కన కూర్చున్న తల్లి, అక్క, మొగుడు, కొడుకు గ్లాసుతో పట్టుకొచ్చి గంటల తరబడి కొద్దికొద్దిగా తాగించారు. దాదాపు ఎనిమిది వారాల్లో 3,700 మందికి పైగా రోగులకు ఈ విధంగా చికిత్స జరిగింది. అంతకుముందు నూటికి ముప్ఫై దాకా వున్న మరణాలు నూటికి 3.6కు తగ్గాయి. జబ్బు ముదిరి స్పృహ తప్పినవాళ్లకు సూదిమందు తప్పలేదు. వున్న కొద్ది సెలైన్‌నూ వాళ్లకోసం దాచగలిగారంటే మిగతావాళ్లు గ్లాసుతో బతికారు కనకే. వైద్యం ఆసుపత్రి నుంచి ఇంటివాళ్ల చేతికి దిగింది. అంతదాకా ఎదురుచూస్తూ కూర్చున్న తల్లి ఆ క్షణం నుంచి వైద్యంలో శ్రామికురాలయింది.

ఈ జ్ఞానం ఒక్క మనిషి బుర్రలో ఒక్క రాత్రి పుట్టింది కాదు. కలకత్తాలోనే హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లో నోటి ద్వారా ద్రవాలిచ్చి కలరా రోగుల్ని బాగుచేసినట్లు 'లాన్సెట్' పత్రికలో రాశాడు, పెద్దలెవరూ పట్టించుకోలేదు. కలరా క్రిమి విడిచే విషాన్ని 1959లో కలకత్తాలోనే శంభునాథ్ డే నిరూపించాడు. ఆయనకూ బతికుండగా దక్కాల్సినంత గౌరవం దక్కలేదు. చక్కెర తోడుంటే పేగు ఉప్పునూ, నీటినీ లోపలికి పీల్చుకుంటుందని 1960 ప్రాంతాల్లో ప్రయోగశాలల్లో తేలింది. 1968లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ అనే అమెరికన్ డాక్టర్లు ఢాకాలోని కలరా పరిశోధనశాలలో ఈ పద్ధతి రోగుల మీద పనిచేస్తుందని చూపించారు. ఆ పరిశోధనశాలను 1960లో స్థాపించింది సీటో కూటమి పేరుతోనే. అది సైనిక కూటమి. ఆసియాలో తమ సైనికులు జబ్బుపడకూడదన్న స్వార్థం దాని వెనక వుంది. ఆ స్వార్థం పెట్టిన పెట్టుబడిలోంచి పుట్టిన జ్ఞానం చివరికి అదే దేశం నుంచి తరిమివేయబడ్డ పేదల చేతికి వచ్చింది. విజ్ఞానశాస్త్రం ఎవరి డబ్బుతో పుట్టిందన్నది ఒక ప్రశ్న. ఎవరి చేతిలో పనిచేసిందన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది గదా అని రెండోదాన్ని వదిలేసే అలవాటు మనలో కొందరికి వుంది. అది మంచి అలవాటు కాదు.

'ఉప్పు వేసిన గంజి మన అమ్మమ్మలు ఎప్పుడో తాగించారు, ఇందులో కొత్తేముంది?' అనేవాళ్లూ వున్నారు. తాగించిన మాట నిజమే. విరేచనాలవుతుంటే నీళ్లు ఇవ్వకూడదని పిల్లల నోళ్లు కట్టేసిన మాట కూడా అంత నిజమే. సంప్రదాయంలో రెండూ వున్నాయి. ఏది బతికిస్తుందో, ఏది చంపుతుందో, ఎంత ఉప్పుకు ఎంత తీపి కలపాలో తేల్చి చెప్పింది శాస్త్రం. ఆ తేల్చినదాన్ని ఇంటింటి విద్యగా మార్చింది ప్రజలు. ఒకదాన్ని పొగడటానికి రెండోదాన్ని తీసెయ్యనక్కర లేదు.

త్రిపురలో జరిగిన మరో ప్రయత్నం కూడా ఇదే చెబుతుంది. బిశ్రామ్‌గంజ్‌లో వెదురుతో, గడ్డితో 480 పడకల ఆసుపత్రి లేచింది. ఇంగ్లండులో చదువుతున్న జఫరుల్లా చౌధురి, ఎం.ఎ. మొబిన్ అనే బెంగాలీ డాక్టర్లు తిరిగివచ్చి దాన్ని నిలబెట్టారు. గాయపడ్డ ముక్తివాహిని యోధులకూ, శరణార్థులకూ అక్కడ చికిత్స జరిగింది. నర్సులు లేరు. అంతకుముందు ఏ వైద్యశిక్షణా లేని స్త్రీలకు కొద్దిరోజుల్లో పని నేర్పారు. వాళ్లు ఆసుపత్రిని నడిపారు. డాక్టరు మాత్రమే చెయ్యాలనుకున్న పనుల్లో చాలా భాగం మామూలు మనిషి నేర్చుకుని చెయ్యగలడని ఆ వెదురు ఆసుపత్రి రుజువు చేసింది. యుద్ధం తరువాత జఫరుల్లా చౌధురి స్థాపించిన గణస్వాస్థ్య కేంద్రం ఈ అనుభవం మీదనే లేచింది.

ఇప్పుడు డబ్బు సంగతి. 1971 ఏప్రిల్ చివర ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి యూ థాంట్ సహాయాన్ని సమన్వయం చేసే బాధ్యతను శరణార్థుల హైకమిషనరు సద్రుద్దీన్ ఆగాఖాన్‌కు అప్పగించాడు. ఆ మార్గంలో వచ్చిన సహాయం సుమారు 18 కోట్ల డాలర్లు. ఆ ఆర్థిక సంవత్సరానికి అయ్యే ఖర్చును ప్రపంచ బ్యాంకు 70 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. ఆగస్టు 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి పాడిన సభల టిక్కెట్ల మీద వచ్చింది సుమారు 2 లక్షల 43 వేల డాలర్లు. ప్రపంచ బ్యాంకు అంచనా లెక్కన అది శిబిరాల మూడు గంటల ఖర్చు. ఆ కళాకారుల్ని తక్కువ చెయ్యటానికి ఈ మాట అనటం లేదు. బంగ్లాదేశ్ పేరును ప్రపంచానికి వినిపించిన గొంతుల్లో వాళ్లవి మొదటివి. అయితే అంతర్జాతీయ కరుణ కథలో ఆ మూడు గంటలకు దొరికిన చోటు మిగతా ఏడాదికి దొరకలేదు. అదే వేసవిలో అమెరికా ప్రభుత్వపు విమానాలు త్రిపుర నుంచి శరణార్థుల్ని అస్సాంకు చేరవేస్తున్నాయి. అదే ప్రభుత్వం పాకిస్తాన్‌కు సైనిక సామగ్రి ఓడల్లో వెళ్లనిస్తున్నది. ఒక చేత్తో మంట పెట్టి ఇంకో చేత్తో నీళ్లు చల్లేవాణ్ణి ఉదారుడు అనటానికి మన భాష ఒప్పుకోదు.

మిగిలిన ఖర్చు ఎవరు భరించారు? 1971 నవంబరు నుంచి దేశమంతటా ఉత్తరాల మీద అదనంగా 5 పైసల శరణార్థి సహాయపు స్టాంపు అంటించాల్సి వచ్చింది. కొత్త స్టాంపులు అచ్చయ్యేదాకా కుటుంబ నియంత్రణ స్టాంపు మీదనే ముద్ర కొట్టి అమ్మారు. రైలు ప్రయాణం మీద కూడా పన్ను పడ్డది. 1973 మార్చి దాకా ఈ స్టాంపు నడిచింది. గుంటూరు నుంచి వరంగల్లుకు రాసుకున్న ఉత్తరం మీద కూడా ఆ అయిదు పైసలు వున్నాయి. ఆనాటి పాత కవర్లు ఇంట్లో వుంటే తిప్పి చూడండి. శరణమిచ్చినవాళ్ల పేర్ల జాబితాలో మీ తాతగారి పేరు కూడా వుంటుంది.

ఇంతదాకా చెప్పింది ఎవరు ఇచ్చారన్నది. ఏ షరతు మీద ఇచ్చారన్న ప్రశ్న మిగిలింది. మన ప్రభుత్వం వీళ్లను శరణార్థులని కాక, తాత్కాలికంగా తరలివచ్చినవాళ్లని వ్యవహరించింది. తిరిగి పోవాలన్నది మొదటిరోజు నుంచీ విధానం. యుద్ధం డిసెంబరు 16న ముగిసింది. 1972 జనవరి 1 నుంచి తిరుగు ప్రయాణాలు సాగాయి. దారి ఖర్చుకు ఆహారం, రెండు వారాల రేషను ఇచ్చి పంపారు. ఫిబ్రవరి చివరికి 90 లక్షలకు పైగా వెళ్లిపోయారు. మార్చి చివరికి మిగిలినవాళ్లు 60 వేలని అంచనా. ఇంత త్వరగా ఇంతమంది తిరిగి వెళ్లటం చరిత్రలో అరుదు. తమ దేశం తమదయిందన్న నమ్మకమే వాళ్లను నడిపించింది. కాని షరతు లోతు తెలియాలంటే తిరిగి వెళ్లలేనివాళ్ల సంగతి చూడాలి.

1947 తరువాత, ముఖ్యంగా 1950లో, 1964లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లలో పేదల్ని, ఎక్కువగా నామశూద్రుల్ని, పశ్చిమ బెంగాల్‌లో వుండనివ్వలేదు. 1958లో దండకారణ్య పథకం పెట్టి బస్తరు, కోరాపుట్ అడవులకు పంపారు. మన పొరుగునున్న మల్కన్‌గిరి వాళ్లతోనే నిండింది. అప్పటి ఆదిలాబాదు జిల్లా కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం ప్రాంతంలోనూ బెంగాలీ కాందిశీకుల వూళ్లు వెలిశాయి. ఆ అడవులు ఆదివాసులవి. ఒక నిరాశ్రయుణ్ణి ఇంకొక నిరాశ్రయుడి నేలమీద దించటమే పునరావాసం అనిపించుకుంది.

దండకారణ్యంలో బతకలేక 1978లో వేలాదిమంది తిరిగి బెంగాల్‌కు నడిచారు. దాదాపు ముప్ఫై వేలమంది సుందర్బన్‌లోని మరీచ్‌ఝాపి దీవిలో దిగారు. ప్రభుత్వాన్ని రేషను అడగలేదు. తామే కట్టలు పోసుకుని, బడి పెట్టుకుని, వైద్యశాల పెట్టుకుని, చేపలు పట్టుకుని బతుకుతామన్నారు. అప్పుడు అధికారంలో వున్నది వామపక్ష కూటమి. ప్రతిపక్షంలో వున్నప్పుడు ఈ కాందిశీకుల పక్షాన మాట్లాడింది ఆ కూటమిలోని ప్రధాన పక్షమే. 1979 జనవరిలో ఆ ప్రభుత్వం దీవి చుట్టూ పోలీసు పడవల్ని నిలిపింది. తిండిగింజలు, మంచినీళ్లు, మందులు వెళ్లనివ్వలేదు. పోలీసు కాల్పులు జరిగాయి. మే నెలలో గుడిసెలు తగలబెట్టి అందర్నీ వెళ్లగొట్టారు. మృతుల సంఖ్య మీద ఇప్పటికీ వివాదం వుంది. అన్నాన్నీ నీళ్లనీ మందునీ ఆయుధాలుగా వాడారన్న విషయం మీద వివాదానికి చోటు లేదు.

ఈ సంగతి మన పత్రికల్లో తగినంతగా రాలేదు. అడవి రక్షణ అన్నారు, ప్రతిపక్షాల కుట్ర అన్నారు. 1971లో యాహ్యాఖాన్ పాలనను తిట్టిన కలంతో 1979 గురించి కూడా నిజం రాయలేకపోతే ఆ కలానికి అభ్యుదయం అన్న పేరు పెట్టుకోగూడదు. రెండు ఘటనలూ సమానమని నేననను. లక్షలమందిని చంపిన సైనిక నియంతృత్వంతో ఒక ఎన్నికైన ప్రభుత్వాన్ని కలిపి తూచటం అబద్ధమవుతుంది. నేననేది వేరు. శరణాన్ని దానంగా భావించినంత కాలం దాత తన దానాన్ని ఆపేసే హక్కు కూడా తనదే అనుకుంటాడు. ఆ దాత జెండా ఏ రంగుదైనా ఇందులో మార్పు లేదు. 1971లో తిరిగి వెళ్లగలవాళ్లకు అన్నం దొరికింది. 1979లో తిరిగి వెళ్లటానికి దేశమే లేనివాళ్లకు ముట్టడి దొరికింది. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడిక మీద సంతకం చెయ్యలేదు; శరణార్థుల హక్కులు చెప్పే ప్రత్యేక చట్టమూ మనకు లేదు. హక్కు కాగితం మీద లేనిచోట దయ ఒక్కటే మిగులుతుంది. దయ చంచలం.

బంగావ్‌లో చేతులు మారిన విద్య మాత్రం ఆగలేదు. తిరిగి వెళ్లిన శరణార్థులకు సాయం చెయ్యటానికి 1972లో సిల్హెట్ ప్రాంతంలో ఫజ్లే హసన్ ఆబెద్ బ్రాక్ అనే సంస్థను మొదలుపెట్టాడు. 1980 నుంచి పదేళ్లపాటు ఆ సంస్థ స్త్రీ కార్యకర్తలు బంగ్లాదేశ్ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధసేరు నీళ్లు కలపటం తల్లులకు చేసి చూపించి నేర్పారు. కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు ఆ విద్య వెళ్లింది. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మియన్మార్ సైన్యం నుంచి తప్పించుకుని అదే బంగ్లాదేశ్‌లోకి వచ్చారు. అక్టోబరులో తొమ్మిది లక్షల మోతాదుల కలరా టీకా నోటి ద్వారా ఇచ్చారు. ఓఆర్‌ఎస్ పొట్లాలు సిద్ధంగా వున్నాయి. కాక్స్ బజార్ గుడిసెల్లో వేరే బాధలన్నీ వున్నాయి గాని, 1971 నాటి కలరా మారణం జరగలేదు. ఒకనాటి కాందిశీకుల దేశం తరువాతి కాందిశీకులకు ఇచ్చింది దయ ఒక్కటే కాదు, నేర్చుకున్న పని. దిలీప్ మహలనబిస్ 2022లో చనిపోయాడు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. యాభై ఏళ్లు ఆలస్యమయినా అది న్యాయమే. ఆ గ్లాసు పట్టుకున్న తల్లులకు ఏ బిరుదూ లేదు.

విద్యార్థులకూ, నాతోటి ఉపాధ్యాయులకూ నా మనవి ఇది. 1971ని పాఠంగా చెప్పేటప్పుడు యుద్ధాన్ని పదమూడు రోజుల్లో ముగించి, శిబిరాన్ని ఒక్క వాక్యంలో దాటెయ్యకండి. ఆ తొమ్మిది నెలల్లో కోటిమంది బతికారంటే రైతు, కూలీ, చుట్టం, డాక్టరు, వెదురు కట్టిన మనిషి, కట్టెలేరిన ఆడమనిషి, గ్లాసు పట్టుకున్న తల్లి కలిసి పనిచేశారు కనక. వాళ్లలో సగంమంది శరణార్థులే. అంటే శరణమిచ్చినవాళ్లలో శరణార్థులే పెద్ద భాగం. ఇది అర్థమైతే 'ఎంత ఉదారంగా ఇచ్చాం' అన్న ప్రశ్న పోయి, 'ఏ దిక్కుకు పోదును?' అన్న ప్రశ్నకు మన సమాజం హక్కుగా ఏ జవాబు రాసిపెట్టింది అన్న ప్రశ్న వస్తుంది. ఆ జవాబు మనం ఇంకా రాయలేదు.